బోటు అడుగుకు గుల్ల పట్టకుండా: స్లిప్‌వే మీద ఏం చేయాలి, నీటిలో ఏం చేయాలి

"జూన్‌లో రంగు వేయించాం, దసరాకే గుల్లలు పట్టేశాయి. రంగు నకిలీదా?" అక్టోబరు వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఇదే. రుషికొండలో పర్యాటకుల బోట్లు తిప్పేవాళ్ళూ, భీమిలిలో ఫైబర్ బోట్లు నీటిలోనే కట్టి ఉంచేవాళ్ళూ ఇదే అడుగుతున్నారు. చాలాసార్లు తప్పు రంగుది కాదు. రంగు కింద ఉప్పు ఉండిపోయి ఉంటుంది, లేదా మొదటి పూత ఆరకుండానే రెండోది వేసి ఉంటారు, లేదా నీటిలో ఇనప బ్లేడుతో గోకేసి ఉంటారు. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

ముందు కాస్త విషయం తెలుసుకోండి, మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంది. నీటిలోకి దింపిన గంటల్లోనే అడుగుకు కంటికి కనిపించని జిగట పొర పడుతుంది. కొద్ది రోజుల్లో అదే చేతికి జారే పాకుడవుతుంది. ఆ వెనకే గుల్ల (బార్నకిల్) పిల్లలు వచ్చి చోటు వెతుక్కుంటాయి. మన సముద్రం ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది కాబట్టి గుల్ల పట్టని కాలమంటూ ఇక్కడ లేదు. రక్షణ లేని చోట వారం, రెండు వారాల్లోనే ఆవగింజంత గుల్లలు తేలతాయి. అప్పుడు వేలితో నెడితే పోతాయి. పెరగనిస్తే వాటి జిగురు గట్టిపడుతుంది. ఆ తర్వాత గీకితే గుల్ల ఊడుతుంది కానీ దాని అడుగు చట్టు మిగిలిపోతుంది, లేదా మీ రంగును కూడా పట్టుకుని ఊడుతుంది. కాబట్టి పాకుడుగా ఉన్నప్పుడే, మెత్తగా, తరచుగా తుడవాలి.

పాకుడే కదా అని వదిలేయకండి. అడుగులో సగం మేర అర మిల్లీమీటరు పాకుడు పట్టినా ఓడల ఉద్గారాలు 25 నుంచి 30 శాతం దాకా పెరగవచ్చని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2021లో చెప్పింది. ఆ లెక్క పెద్ద ఓడలది. కానీ ఉద్గారమంటే కాలిన ఇంధనమే. మీ బోటులో దాని ఖర్చు డీజిల్ బిల్లులో కనిపిస్తుంది.

కావలసినవి

స్లిప్‌వే (బోటును నీటిలోంచి పైకి ఎక్కించే ఏటవాలు గట్టు) మీద పనికి: మంచినీళ్ళు (ట్యాంకరు అయినా సరే, ఉప్పునీళ్ళు వద్దు), ప్రెషర్ పంపు, పుట్టీ బ్లేడు, 80 నంబరు, 120 నంబరు వాటర్ పేపరు, ఎపాక్సీ ప్రైమరు, గుల్ల పట్టకుండా వేసే రాగి రంగు రెండు వేర్వేరు రంగుల్లో, ఆ కంపెనీ చెప్పిన థిన్నరే, పొట్టి నూగు రోలర్లు, మాస్కింగ్ టేపు, కొత్త జింకు దిమ్మలు (ఉప్పునీటిలో బోటు లోహానికి బదులు అరిగిపోయేవి), టార్పాలిన్లు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, దుమ్మూ రసాయనాల ఆవిరీ రెండూ ఆపే మాస్కు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఇక్కడ పనికిరాదు.

నీటిలో పనికి: మెత్తటి స్పాంజీలు, పొడవాటి కర్రకు కట్టిన మెత్తటి బ్రష్షు, ప్లాస్టిక్ గీకుడు బ్లేడు, పాత జంపఖానా ముక్క, తాళ్ళు, ఒడ్డున నిలబడి మిమ్మల్నే కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి.

రంగు కొనేటప్పుడు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రెడ్ ఆక్సైడ్ ప్రైమరూ ఎర్రగానే ఉంటుంది, రాగి రంగూ ఎర్రగానే ఉంటుంది. మొదటిది ఇనప తుప్పును ఆపడానికి వేసేది, గుల్లను ఏమీ చేయదు. డబ్బా మీద "క్యుప్రస్ ఆక్సైడ్" అని ఉందో లేదో చదవండి. చేత్తో ఎత్తి కూడా చూడండి. రాగి బాగా ఉన్న రంగు నాలుగు లీటర్ల డబ్బా ఆరు కిలోలకు పైనే తూగుతుంది.

పాత సరుకేదో ఉంది, బాగా పనిచేస్తుంది, టీబీటీ (ట్రైబ్యుటైల్ టిన్ అనే విషం) కలిసింది అని ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. నత్తలనూ ఆల్చిప్పలనూ దెబ్బతీసిన ఆ మందును ఓడల అడుగు రంగుల్లో వాడకుండా అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరు 17 నుంచి అమల్లో ఉంది. రంగులో పురుగుమందు, కారం వంటివి కలపడమూ వద్దు. రంగు పొర బలహీనపడుతుంది, కలిపినవాడి ఆరోగ్యం పాడవుతుంది. ఆ నీటిలోనే మనం చేపలు పడుతున్నాం.

రోజూ వేటకు వెళ్ళే బోటుకు, నీటి ఒరిపిడికి కొద్దికొద్దిగా అరిగే రకం రంగు మంచిది. ఎక్కువ రోజులు కట్టేసి ఉండి, చేత్తో తుడుచుకునే బోటుకు గట్టి రకం నయం. అల్యూమినియం బోటుకు మాత్రం రాగి రంగు పొరపాటున కూడా వేయకండి. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం కలిస్తే అల్యూమినియం తినుకుపోతుంది. దానికి రాగి లేని రంగు అడిగి తెచ్చుకోండి. బయట బిగించే మోటారు కాలు కూడా అల్యూమినియమే. ఫైబర్ అడుగుకు రాగి రంగు వేసినా, దాని చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి.

ఎంత కొనాలి? నీటి గీత దగ్గర పొడవును, వెడల్పూ మునిగే లోతూ కలిపిన మొత్తంతో గుణించండి. 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉంటే 12 × 5.5 = 66 చదరపు మీటర్లు. డబ్బా మీద లీటరుకు 8 చదరపు మీటర్లు అని ఉంటే రెండు పూతలకు దాదాపు 17 లీటర్లు. వృథా, అదనపు పూత కలుపుకుని 20 తెచ్చుకోండి. తగ్గిందని చివర్లో థిన్నరు పోసి సాగదీస్తే ఆ భాగానికే ముందు గుల్ల పడుతుంది.

స్లిప్‌వే మీద

1. రోజు చూసుకోండి. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అందరూ అప్పుడే బోట్లు ఎక్కిస్తారు. ఏప్రిల్ చివర్లో చోటు దొరికిందని రంగు వేసేసి, జూన్ దాకా ఎండలో ఉంచేయకండి. మెత్తగా అరిగే రంగులు గాలిలో ఎక్కువ రోజులుంటే పస తగ్గిపోతుంది. వేశాక ఎన్ని గంటలు ఆగాలో, ఎన్ని రోజులు దాటకూడదో డబ్బా మీదే ఉంటుంది. ముందే చోటు దొరికితే మరమ్మతులు, ప్రైమరు పూర్తిచేసి పెట్టుకోండి, రాగి రంగు దించే ముందు వేయండి. పాటు వచ్చినప్పుడు ఒడ్డున వాల్చి వేసుకుందామని అనుకోకండి. విశాఖలో పోటుకూ పాటుకూ తేడా పెద్ద పోట్లలోనూ మీటరున్నరకు అటూఇటూ మాత్రమే, మరబోటు అడుగు పూర్తిగా బయటపడదు.

2. బోటు పైకి వచ్చిన వెంటనే, తడి ఆరకముందే కడగండి. తడిగా ఉన్న పాకుడు నీళ్ళకే పోతుంది. ఒక్క మధ్యాహ్నం ఎండితే గీకాల్సిందే. పైనుంచి కిందికి, అడుగు దూలం దాకా, మంచినీళ్ళతో కడగాలి.

3. గుల్లల చట్లు గీకండి. బ్లేడును దాదాపు పడుకోబెట్టి, పక్క నుంచి నెట్టండి. నిలువుగా పెట్టి పొడిస్తే ఫైబర్ చీలుతుంది, చెక్క లేస్తుంది. తెల్లటి చట్టు ఒక్కటి మిగిలినా దాని మీద రంగు నిలవదు. వేలు పెట్టి తడిమి చూడండి, కన్ను మోసపోతుంది.

4. పాత రంగును తడిపి, వాటర్ పేపరుతో రుద్దండి. పొడిగా రుద్దకండి. ఆ దుమ్ములో ఉన్నది విషం. కింద టార్పాలిన్ పరిచి, రాలినదంతా మూటకట్టి హార్బర్‌లో వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి, నీటిలోకి ఊడ్చేయకండి. పిల్లలను ఆ దగ్గరకు రానివ్వకండి.

5. అడుగు దేనితో చేసిందో దాన్ని బట్టి తనిఖీ చేయండి.

చెక్క బోటైతే సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. బోలుగా మోగిన చోట సన్నటి ఊచతో పొడవండి. చెక్క తొలిచే పురుగు బయట ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రమే చేస్తుంది, లోపల మాత్రం పలక పొడవునా సొరంగాలు తవ్వేస్తుంది. పైకి పలక నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన ఫైబర్ తొడుగు వేసిన చెక్క బోటు మరీ జాగ్రత్త. తొడుగులో వెంట్రుకవాసి పగులు చాలు, నీరూ పురుగూ రెండూ లోపలికి పోతాయి. పగులు చుట్టూ కోసి, పూర్తిగా ఆరనిచ్చి, ఎపాక్సీతో మూసి, మళ్ళీ తొడగాలి. పలకల సందుల్లో దూది వదులైతే రంగుకు ముందే కూరించండి. చేపనూనె, జీడిపిక్కల నూనె చెక్కకు మేలు చేసేవే. కానీ నూనె తడి మీద రంగు అంటదు. నూనెలు నీటి గీత పైన వాడండి.

ఫైబర్ బోటైతే బుడగలు చూడండి. పొడిస్తే పుల్లటి ఘాటు వాసన నీరు కారితే లోపలికి నీరు దిగిందని అర్థం. కోసి, కడిగి, వారాల తరబడి ఆరబెట్టాలి, ఆ పని తొందరగా తేలదు. కొత్త ఫైబర్ బోటుకు అచ్చు నుంచి వచ్చిన మైనం ఉంటుంది, దాన్ని సాల్వెంటుతో తుడవకపోతే ప్రైమరు పొరలు పొరలుగా ఊడుతుంది. నీళ్ళు చల్లి చూడండి: బొట్లు బొట్లుగా నిలబడితే మైనం ఉన్నట్టు, పలచగా పరుచుకుంటే పోయినట్టు.

ఇనప బోటైతే తుప్పంతా తీసి, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు వేశాకే రాగి రంగు. ఇనుము మీద నేరుగా రాగి రంగు వేస్తే తుప్పు ఇంకా ఎక్కువవుతుంది.

6. జింకు దిమ్మలు చూడండి. సగం అరిగితే మార్చేయండి. అసలు అరగకపోతే సంతోషించకండి, అది లోహానికి సరిగా తగలడం లేదు. బోల్టు విప్పి, కింద మెరిసేలా గీకి, మళ్ళీ బిగించండి. వాటి మీద రంగు వేయకూడదు. పెయింటరు ఊపులో వేసేస్తాడు, ముందే టేపు అంటించండి.

7. గాలిలో తేమ చూసి మొదలుపెట్టండి. మన మే నెల ఉదయాల్లో అడుగు మీద మంచు తడి ఉంటుంది, చేతికి తెలియకపోవచ్చు. తడి గుడ్డతో అరచేతి మేర తుడిచి గడియారం చూడండి. పదిహేను నిమిషాల్లో ఆరిపోతే మొదలుపెట్టండి, ఆరకపోతే ఆగండి. మిట్టమధ్యాహ్నం ఎండ కొట్టే పక్క కూడా వద్దు, రోలరు కింద రంగు సాగకముందే ఎండిపోతుంది. ఉదయం తడి ఆరాక పడమటి పక్క, మధ్యాహ్నం దాటాక తూర్పు పక్క వేసుకుంటే రోజంతా నీడలోనే పని నడుస్తుంది.

8. రంగు కలపండి. రాగి అడుగుకు దిగిపోయి ముద్దలా ఉంటుంది. కర్ర కింది దాకా దించి, ఆ ముద్దను పైకి లేపుతూ, కర్రకు ఏమీ అంటనంత వరకూ కలపండి. పని మధ్యలోనూ కలుపుతూ ఉండండి. కలపకుండా వేసిన డబ్బాలో పై భాగం ఉత్త జిగురు, చివరి భాగం ఉత్త రాగి. బోటు ఒక పక్క శుభ్రంగా, ఇంకో పక్క గుల్లలతో నిండి ఉండటానికి ఇది పెద్ద కారణం.

9. ప్రైమరు వేసి, దాని మీద మొదటి పూత నలుపు, రెండో పూత ఎరుపు వేయండి. రాబోయే నెలల్లో ఎక్కడ నలుపు బయటపడితే అక్కడ పై పూత అయిపోయిందని తెలుస్తుంది. ఖర్చు లేని తనిఖీ ఇది, ఎవరూ చేయించుకోరు. పూతల మధ్య రాత్రి గడిస్తే సముద్రపు గాలికి ఉప్పు పట్టి ఉంటుంది, మంచినీళ్ళతో కడిగి ఆరాకే తర్వాతి పూత.

10. ముక్కు, నీటి గీత పొడవునా, చుక్కాని అంచు, అడుగు దూలం, వీటికి ఇంకో పూత ఎక్కువ వేయండి. నీటి ఒరిపిడి, ఎండ అక్కడే ఎక్కువ. బోటు కూర్చున్న దిమ్మల కింద రంగు పడదు. దింపే ముందు దిమ్మలు జరిపించి ఆ చోట్లకూ ప్రైమరు నుంచి అన్నీ వేయించండి. మేస్త్రీ తొందరపెడతాడు, ఒప్పుకోకండి. ఇంజనుకు నీరు పీల్చే జల్లెడ లోపల చిన్న బ్రష్షుతో వేయండి, అక్కడ గుల్ల పడితే ఇంజను వేడెక్కుతుంది. చేపలు వెతికే ఎకో సౌండరు ముఖం మీద ఈ రంగు వద్దు, దానికి విడిగా దొరికే, నీళ్ళతో కలిసే (వాటర్ బేస్డ్) రంగు పలచగా ఒక్క పూత వేయండి. ప్రొపెల్లరుకు గ్రీజు పూస్తే నిలవదు. సన్న వాటర్ పేపరుతో నున్నగా మెరిపించి వదిలేయడమే మేలు.

నీటిలో

నీటిలోకి దిగడం అందరూ చేయాల్సిన పని కాదు. ఈత బాగా వచ్చినవాళ్ళే, పగటిపూట, అల లేని రోజే. హార్బర్‌లో అయితే ముందు కార్యాలయంలో అడగండి. జెట్టీ దగ్గర బోట్లు పక్కపక్కనే వరుసగా కట్టి ఉంటాయి, పెద్ద బోటు ఒకటి పోతే వచ్చే అలకే రెండు బోట్ల మధ్య మనిషి నలిగిపోతాడు. బోటును వరుస చివరికి తెచ్చుకునే వరకూ దిగవద్దు. ఇంజను తాళం చెవి దిగేవాడి దగ్గరే ఉండాలి. కంప్రెసరు గొట్టంతో గాలి పీలుస్తూ అడుగుకు పోవడం శిక్షణ లేనివాళ్ళకు ప్రాణాంతకం. నూనె తెట్టు ఉన్న రోజు మానేయండి.

1. దిగకుండా అయ్యేది ముందు చేయండి. డెక్కు మీదనుంచి పొడవాటి బ్రష్షుతో నీటి గీత చుట్టూ తుడవండి. పచ్చటి నాచు ఎండ తగిలే అక్కడే ఎక్కువ.

2. జంపఖానా ముక్కకు రెండు చివరలా తాళ్ళు కట్టి, ముక్కు దగ్గర అడుగు కిందికి జారవిడవండి. ఇద్దరు కళాసీలు చెరో పక్క నిలబడి, ఒకరు లాగితే ఒకరు వదులుతూ, వెనక్కి నడవాలి. పాకుడు దీనికే పోతుంది. చుక్కానికీ ప్రొపెల్లరుకూ చాలా ముందే ఆపండి, తాడు చిక్కుకుంటుంది. అడుగు దూలం పక్కన మూలల్లోకి ఇది చేరదు.

3. దిగినవాళ్ళు స్పాంజీతో ఒకే దిశలో, ఒత్తకుండా తుడవండి. నీరు ఎర్రగా మారితే ఆపేయండి, మీరు తుడిచేది పాకుడు కాదు, రంగు. వైరు బ్రష్షు, గోనెపట్టా, గరుకు పీచు వద్దు.

4. అక్కడక్కడా చిన్న గుల్లలుంటే ప్లాస్టిక్ బ్లేడుతో పక్క నుంచి నెట్టండి. పెద్దవై ఉంటే పై భాగం మాత్రం తీసి, చట్టును వదిలేయండి. దాన్ని స్లిప్‌వే మీదే తీయాలి. గుల్ల కోసుకుంటే సబ్బునీళ్ళతో వెంటనే కడిగి, డాక్టరును చూడండి, టీటీ ఇంజెక్షను సంగతి అడగండి. హార్బర్ నీటిలో అయిన గాయం త్వరగా చీము పడుతుంది.

5. జల్లెడ, ప్రొపెల్లరు, ఎకో సౌండరు ముఖం ప్రతిసారీ చూడండి. బోటంతా శుభ్రంగా ఉండి ప్రొపెల్లరు ఒక్కటే గుల్ల పట్టినా డీజిల్ తాగుతుంది.

ఎన్నాళ్ళకోసారి? తిరిగే బోటుకు నెలకోసారి చూస్తే చాలు. కట్టేసిన బోటుకు పదిహేను రోజులకోసారి. జాలరిపేట, పూడిమడక తీరాల్లోలా వేట అవగానే ఇసుకలోకి లాగేసే ఫైబర్ తెప్పలకు ఈ రంగులే అక్కర్లేదు. ఎండలో ఆరడమే వాటికి రక్షణ, ఇసుక రాపిడికి అడుగు అరిగిందో లేదో చూసుకోండి.

పని సరిగా అయిందని ఎలా తెలుస్తుంది

మీ బోటుకు వేసిన ప్రైమరు, రంగులే ఒక చిన్న పలకకు వేయండి. ఇంకో పలకను రంగు లేకుండా ఉంచండి. రెండూ తాడుతో మీటరు లోతున వేలాడదీసి, వారానికోసారి ఎత్తి చూడండి. ఉత్త పలక మీద గుల్లలు, రంగు పలక మీద పాకుడు మాత్రమే ఉంటే రంగు పనిచేస్తోంది. పలక శుభ్రంగా ఉండి బోటుకు గుల్లలు పడితే, లోపం అడుగును సిద్ధం చేయడంలోనో రంగు వేయడంలోనో ఉంది. రంగు పలకకూ ఉత్త పలకకూ ఒకేలా పడితే రంగు సంగతి దుకాణదారుతో మాట్లాడండి, పలకే సాక్ష్యం.

రెండోది వేగం. దింపిన మొదటి వారంలో గాలి లేని రోజు, ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర, జీపీఎస్‌లో వేగం రాసిపెట్టుకోండి. ఉత్తరం వైపు ఒకసారి, దక్షిణం వైపు ఒకసారి నడిపి సగటు తీయండి. మన తీరంలో ప్రవాహం ఫిబ్రవరి, మార్చిలో ఉత్తరానికి, అక్టోబరు, నవంబరులో దక్షిణానికి ఉంటుంది కాబట్టి ఒకే దిశలో చూస్తే లెక్క తప్పుతుంది. నెలనెలా అదే ఆర్‌పీఎమ్ దగ్గర, ఉన్నంతలో అంతే బరువుతో మళ్ళీ చూడండి. వేగం తగ్గుతూ, ఇంజను వేడి పెరుగుతూ, పొగ నల్లబడుతుంటే అడుగు చూడాల్సిన సమయం వచ్చింది.

నిషేధం రోజుల్లో రంగు వేసుకుని జెట్టీలో కట్టేసిన బోట్లు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరికలకు ఆగిపోయే బోట్లు, ఈ రెంటికీ బెడద ఎక్కువ. అరిగే రంగు కదలకపోతే అరగదు, పాకుడు పేరుకుంటుంది. కట్టేసిన పదో రోజున ఒకసారి జంపఖానా లాగండి. సముద్రం తెరిచాక వల వేసే ముందు గంటసేపు బోటును పూర్తి వేగంతో పోనివ్వండి, మెత్తటి పాకుడు చాలావరకు అదే కొట్టుకుపోతుంది. అప్పటికీ వేగం రాకపోయినా, ముక్కు దగ్గర నలుపు పూత కూడా పోయి ప్రైమరు కనిపిస్తున్నా ఏప్రిల్ దాకా ఆగకండి. చెక్క బోటైతే అసలు ఆగకండి, స్లిప్‌వేలో చోటు అడిగి ఎక్కించేయండి.